‘ఫాస్ట్’ అడ్జెక్టివా, అడ్వర్బా?
నిఘంటువులో ‘ఫాస్ట్’కి అడ్జెక్టివ్ (విశేషణం), అడ్వర్బ్ (క్రియా విశేషణం) రెండూ ఇచ్చారు, ఏది రాయాలి అని అడిగారు కదండీ. మాటను విడిగా చూస్తే తేలదు, వాక్యంలో అది చేసే పని చూడాలి. ‘ఎ ఫాస్ట్ ట్రెయిన్’లో రైలు ఎలాంటిదో చెబుతోంది. ట్రెయిన్ నౌన్ (నామవాచకం), దాని గురించి చెబుతోంది కాబట్టి అక్కడ అడ్జెక్టివ్. ‘హీ రన్స్ ఫాస్ట్’లో ఎలా పరుగెత్తుతాడో చెబుతోంది, కాబట్టి అడ్వర్బ్. ‘ఫాస్ట్‌లీ’ అని మాత్రం రాయకండి, ఇప్పటి ఇంగ్లిష్‌లో అలా వాడరు.

చివర ‘లీ’ ఉంటే అడ్వర్బే అనే చిట్కా కూడా పూర్తిగా నమ్మొద్దు. ‘ఫ్రెండ్లీ’ అడ్జెక్టివే. ‘హార్డ్’ దగ్గరైతే మరీ జాగ్రత్త. ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాను. ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అంటే దాదాపు పనే చెయ్యను. ఉద్యోగం దరఖాస్తులో ఇది తారుమారైతే ఇక చూస్కోండి!

‘షీ లుక్స్ హ్యాపీ’లో వెర్బ్ (క్రియ) పక్కనున్నా ‘హ్యాపీ’ ఆమె గురించే చెబుతోంది, అందుకే అడ్జెక్టివ్.