ఇంట్లో సబ్బు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఇంట్లో సబ్బు చేసుకోవాలని ఉంది కానీ కాస్టిక్ సోడా అంటే భయం. అది లేకుండా కుదరదా?

జవాబు: కుదరదు. నూనె, క్షారం (ఇక్కడ కాస్టిక్ సోడా) కలిస్తేనే సబ్బు. తూకం సరిగ్గా ఉంటే సోడా అంతా నూనెతో కలిసి సబ్బు, గ్లిజరిన్ అయిపోతుంది. ఆరిన సబ్బులో మిగలదు. భయం పోకపోతే కరిగించి అచ్చులో పోసుకునే సబ్బు బేస్ కొనండి. అసలు పని అందులో ముందే అయిపోయి ఉంటుంది, మీకు మిగిలేది రంగూ వాసనే.

ప్రశ్న: మొదటిసారికి కొలతలు చెప్పండి. కప్పులతో కొలవచ్చా?

జవాబు: కప్పులు వద్దు. గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ నూనె 300, ఆముదం 50, కాస్టిక్ సోడా 70, నీళ్లు 140. నీళ్లనూ తూచాల్సిందే. ఈ నూనెలన్నీ పూర్తిగా సబ్బు కావాలంటే సుమారు 74 గ్రాముల సోడా పడుతుంది. నాలుగు గ్రాములు కావాలనే తగ్గించాం: కాస్త నూనె మిగిలి సబ్బు మెత్తగా ఉంటుంది, తూకంలో చిన్న తేడా వచ్చినా చర్మం మండదు. నూనె మారిస్తే లెక్కా మారుతుంది. గ్రాము కొబ్బరి నూనెకు 0.183 గ్రాముల సోడా కావాలి, ఆలివ్ నూనెకు 0.135 చాలు. ఒకదాని బదులు ఇంకొకటి పోసేసి పాత కొలతే వాడితే చెడేది ఇక్కడే.

కళ్లను కప్పే రక్షణ అద్దాలు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కిటికీలు తెరిచి మొదలుపెట్టండి. స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియంతో సోడా కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. సోడా మీద నీళ్లు పోస్తే మరిగి ఎగజిమ్ముతుంది. కలిపిన నీళ్లు పొయ్యి లేకుండానే సలసలకాగినంత వేడెక్కుతాయి. అవీ, నూనెలూ 40-45 డిగ్రీలకు వచ్చాక సోడా నీళ్లను నూనెలో పోసి, హ్యాండ్ బ్లెండర్‌ను ఆపి ఆపి తిప్పండి. గరిటెతో జార్చిన ధార పైన గీతలా నిలిస్తే అచ్చులో పోయొచ్చు. ఒకటి రెండు రోజులకు గ్లౌజులతోనే తీసి కోసి, గాలి తగిలేచోట 4 నుంచి 6 వారాలు ఆరనివ్వండి.

సోడా ఒంటిమీద పడితే వెనిగర్ రాయకండి. కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే అలాగే కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: సబ్బు మీద తెల్లటి పొడి పేరుకుంది. ఇంకో అచ్చులో పైన నూనె తేలింది. పారేయాలా?

జవాబు: పలుచటి తెల్ల పొర ఒక్కటే అయితే భయం లేదు. అప్పటికింకా నూనెతో కలవని సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్ అయింది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఈసారి పోయగానే అచ్చు మీద మూత పెట్టండి. నూనె తేలిందంటే మిశ్రమం పూర్తిగా కలవకముందే పోశారన్నమాట. అలాంటి దాంట్లో ఒకచోట నూనె, ఒకచోట సోడా గూడుకట్టి ఉండొచ్చు కాబట్టి వాడకండి. కొలతలు సరైనవేనని నమ్మకం ఉంటే గ్లౌజులు వేసుకుని ముక్కలన్నీ మళ్లీ స్టీలు గిన్నెలో వేసి, సన్నటి సెగ మీద ఒకే ముద్ద అయ్యేదాకా కలిపి అచ్చులో నొక్కండి. నున్నగా రాదు, పనికొస్తుంది.

ప్రశ్న: తాజా గులాబీ రేకులు కలపవచ్చా?

జవాబు: సోడా తగలగానే గోధుమరంగుకు తిరుగుతాయి. రంగు కావాలంటే ఎర్రమట్టి పొడి చెంచాడు కలపండి.