కెన్యా తీరంలో ఉద్యోగానికి స్వాహిలీ ఒక్కటి వస్తే సరిపోతుందా?

కిలిఫీలో ఉద్యోగం వచ్చింది, స్వాహిలీ నేర్చుకుంటే చాలా అని అడిగారు. పని వరకు చాలు. కానీ మూడేళ్ళు అక్కడ ఉన్నవాడిగా చెప్తున్నా, నాలుగు ముక్కలు అక్కడి గిరియామా భాష కూడా నేర్చుకుని తీరాలి.

కిలిఫీ, మలిందీ చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో మాట్లాడుకునేది అదే. మా ఆఫీసులో మనవాళ్ళే "అదేం భాషండీ, స్వాహిలీకి యాసే కదా" అనేవాళ్ళు, నాకు ఒళ్ళు మండేది. అది స్వాహిలీకి తోబుట్టువు, యాస కాదు. స్వాహిలీలో ఆరు, ఏడు, తొమ్మిది అరబ్బీ నుంచి వచ్చిన మాటలు, తొమ్మిదిని తిసా అంటారు, గిరియామా వాళ్ళు మాత్రం ఇప్పటికీ చెండా అనే అంటారు. ఈ తీరంలోని తొమ్మిది తెగలని కలిపి పిలిచే మిజికెండా అనే పేరుకే తొమ్మిది ఊళ్ళని అర్థం, గిరియామా, డిగో, దురుమా, రబాయ్ అందరూ అందులోవాళ్ళే.

మా గేటు బయట ఒక పెద్దావిడ మామిడిపళ్ళు అమ్మేది, అందరం మామా అనేవాళ్ళం, అక్కడ మామా అంటే అమ్మ. ఒకరోజు పళ్ళు సంచిలో వేస్తూ తనలో తను లెక్కపెట్టుకుంటోంది, మ్వెంగా, మ్బిరి, తాహు, నే, ౘానో అని. స్వాహిలీ అయితే ఐదుకి తానో అనాలి కదా, ఇదేంటని నేనూ ౘానో అన్నా. పక్కన నా కాన్పూర్ ఫ్రెండ్ ఎంత ట్రై చేసినా సానో, చానో అంటాడు తప్ప ఆ ౘ పలకదు. మనకి చాప, చాలు అనేటప్పుడు వచ్చేది అదే కదా! నీళ్ళని స్వాహిలీలో మాజి అంటే వీళ్ళు మాౙి అంటారు, ఆ ౙ కూడా మన జడలో ఉన్నదే. ఆవిడ చేతిలో పండు కింద పెట్టేసి, పక్క కొట్లవాళ్ళని కేకేసి పిలిచి, మళ్ళీ అను మళ్ళీ అను అని పదిసార్లు అనిపించింది. ఆరోజు ఐదు పళ్ళకి రెండు కొసరు.

తర్వాత రోజూ కాసేపు కూర్చునేవాణ్ణి. మెకటిలిలి అనే గిరియామా స్త్రీ గురించి మామానే చెప్పింది. 1913లో బ్రిటిష్ వాళ్ళు గుడిసె పన్ను కట్టండి, కుర్రాళ్ళని కూలికి పంపండి అంటే జనాన్ని కూడగట్టి ఎదురు తిరిగిన వితంతువు ఈ మెకటిలిలి. ఎక్కడో దేశానికి ఆ చివర కిసీలో బంధించి పెడితే అక్కడి నుంచి తప్పించుకుని నడిచి వచ్చేసిందట. 1914లో బ్రిటిష్ వాళ్ళు గిరియామా వాళ్ళ పవిత్రమైన అడవి కాయా ఫుంగోని డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఇంత చరిత్ర ఉన్నవాళ్ళ భాషని యాస అని ఎలా అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మామా మనవడు స్కూల్ నుంచి వచ్చి కూర్చునేవాడు, ఆవిడ గిరియామాలో అడిగితే వాడు స్వాహిలీలోనో ఇంగ్లీషులోనో జవాబిచ్చేవాడు. మన ఇళ్ళల్లో జరిగేదీ అదే, అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్లాడు ఇంగ్లీషులో చెప్తాడు, మనం మురిసిపోతాం. నేను గిరియామాలో ఏదైనా అన్నప్పుడల్లా మాత్రం వాడు నవ్వి, తప్పు దిద్దడానికి గిరియామాలోకి దిగేవాడు.

డిసెంబర్‌లో వెళ్తే మామిడిపళ్ళు ఉంటాయి. బజారుకెళ్ళి ఐదు కొనండి, లెక్క మీరే పెట్టండి.