లంకకి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

గోదారి లంకలో విలేజ్ క్లినిక్‌కి పోస్టింగ్ వచ్చిందనీ, చేరగానే గర్భిణులందర్నీ కూర్చోబెట్టి కాన్పు గుండెజబ్బు గురించి చెప్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక కంగారు మొదలైంది. బీపీ చూడటం, హిమోగ్లోబిన్ చూడటం, కవలలైతే కార్డు మీద పెద్దక్షరాల్లో రాయడం నీకు చెప్పక్కర్లేదు. “ఎందుకొస్తుందమ్మా?” అని వాళ్లడిగితే ఏం చెప్తావోననే నా బెంగ.

ఒక్క కారణం చెప్పావో, సాయంత్రానికల్లా అది అత్తగారి చేతిలో కర్ర అయిపోతుంది. “ఉప్పుచేప తింది, అందుకే”, “పుట్టింటి రోగమట”. అందుకని ముందు నువ్వు సరిగ్గా తెలుసుకో. నెలలు నిండే రోజుల్లోనో, కాన్పయ్యాక కొన్ని నెలల్లోనో, అంతవరకూ బాగున్న గుండె కండరం నీరసించిపోయి ఆయాసమొస్తుంది. గుండె స్కానింగ్‌లో, అదే ఎకోలో, పంపింగ్ (ఒక్కో దెబ్బకి గుండె బయటికి తోసే రక్తం) 45 శాతం కంటే తగ్గి, మరే కారణమూ దొరక్కపోతేనే కాన్పు గుండెజబ్బని పేరు పెడతారు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో గుండె కవాటం ఇరుకైనా ఇదే ఆయాసం వస్తుంది. ఎకో లేకుండా తేలదు.

కారణాల్లో బాగా తెలిసింది పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్. కొందరిలో ఆ హార్మోన్ తెగి చిన్న ముక్కవుతుంది. ఆ ముక్క గుండెలోని సన్నటి రక్తనాళాల్ని దెబ్బతీస్తుందని జర్మనీ పరిశోధకులు 2007లో చూపించారు. అందుకే పెద్దాసుపత్రిలో కొందరికి పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ ఇస్తారు. దాంతో రక్తం గడ్డకట్టే భయముంది గనక పలచబరిచే మందూ ఇస్తారు. నీ అంతట నువ్వు మాత్రం ఎవరికీ పాలు మాన్పించకు. ఇంకోటి, మాయ నుంచి వచ్చే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్. ఇది రక్తనాళాల్ని పెరగనివ్వదు. బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లలో, కవలల తల్లుల్లో ఎక్కువ. జన్యువులూ ఉన్నాయి. ఈ జబ్బొచ్చిన 172 మంది తల్లుల్ని పరీక్షించి 2016లో ప్రచురించిన లెక్కలో దాదాపు 15 శాతం మందికి జన్యులోపం కనిపించింది, ఎక్కువగా గుండె కండరంలో ఉండే టైటిన్ అనే ప్రొటీన్ జన్యువులో. ఈ జన్యువుల మాట మీటింగులో ఎత్తకు, పుట్టింటి మీదకి పోతుంది.

ఉప్పు సంగతి. నైజీరియా ఉత్తరాన హౌసా జాతి బాలింతలకి నలభై రోజులు మరుగునీళ్ల స్నానం, కింద మంటపెట్టిన మట్టి మంచం, కన్వా అనే ఉప్పు వేసిన జావ. మన కుంపటీ కాయమూ గుర్తొస్తున్నాయి కదూ! ఆ ఉప్పే కారణమని చాలాకాలం అనుకున్నారు. తర్వాత సెలీనియం తక్కువవడం కూడా లెక్కలోకొచ్చింది. ఆయాసమున్న పిల్లకి ఊరగాయ మాన్పించు, అంతేగానీ ఊరగాయే జబ్బు తెచ్చిందనకు.

ఇక మా తరం చేసిన తప్పు చెప్తాను, మళ్లీ మీరు చెయ్యకండి. బాలింత రొప్పుతుంటే మా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి: రక్తం లేదు, నెమ్ము చేరింది, నీరసం. నీరసమంటే బాటిల్. అరలీటరు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. పైగా కాన్పవగానే గర్భసంచి ముడుచుకుని అక్కడి రక్తం తిరిగి గుండెకే వస్తుంది. గండం గడిచిందనుకున్న రోజుల్లోనే గుండెకి బరువెక్కువ. అలసిపోయిన గుండె ఆ నీటిని ముందుకు తొయ్యలేక, నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. బాటిల్ సగమయ్యేసరికి పిల్ల లేచి కూర్చుంటుంది. పడుకోమంటే పడుకోదు. దగ్గితే గులాబీరంగు నురగ. “బాటిల్ పడలేదు” అనేవాళ్లం. పడకపోవడమేమిటి, మనమే ముంచేశాం!

పడుకుంటే ఆయాసమొస్తోందేమో తెలుసుకోడానికి ఎన్ని తలగడలేసుకుంటున్నావని అడక్కు, కొన్ని ఇళ్లలో బాలింతకి తలగడే ఇవ్వరు. “రాత్రి ఎలా పడుకున్నావమ్మా?” అను. గోడకి జారగిలబడి కునుకు తీశానందంటే అక్కడే ఆగు. నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టు, సగం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యకు. ఊపిరి 24 దాటినా, నాడి 110 దాటినా, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషన్ 95 శాతం కంటే తక్కువ చూపించినా కాకినాడ పెద్దాసుపత్రికి పంపెయ్. కూర్చోబెట్టే తీసుకెళ్లమను, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టనివ్వకు. మధ్యాహ్నం అనుమానమొస్తే “సాయంత్రం దాకా చూద్దాం” అన్నమాట నీ నోట రాకూడదు. చీకటిపడ్డాక రేవులో పడవ దొరకదే తల్లీ, నా భయమంతా అదే.

చాలామంది కోలుకుంటారు. అప్పుడు రెండో బిడ్డ మాటొస్తుంది. పంపింగ్ మామూలుకి రాకుండా మళ్లీ కడుపంటే ప్రాణాపాయం. కడుపు రాకుండా ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్న మాత్రలివ్వకు, కాపర్-టీ గురించి మాట్లాడు.

గోదారికి ఎర్రనీళ్లు రాకముందే పడవతని నంబరు క్లినిక్ గోడ మీద రాయించు. వేలి మిషన్‌కి రెండు బ్యాటరీలు వేరే ఉంచుకో. ఇవన్నీ తెలుసులే అత్తా అంటావు. తెలుసు. పొద్దున్న ఏమీ తినకుండా రేవు దాటకు.

నీ అత్త