కొయోటీల కోసం రైఫిల్ కొనే ముందు

డాలస్‌కి ఉత్తరాన ఐదెకరాలు కొని, కోళ్లూ నాలుగు మేకలూ పెట్టుకున్న తమ్ముడొకడు మొన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, రాత్రి కొయోటీ వచ్చి మూడు కోళ్లను ఎత్తుకుపోయింది. తేలిగ్గా ఉండే చిన్న బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఏదైనా చెప్పు, శనివారం వెళ్లి కొనేస్తా" అన్నాడు. కొయోటీ అంటే ఇక్కడి నక్కలాంటి అడవి జంతువు. బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ (లోపలి కడ్డీ) లాగి నెట్టాల్సిన రైఫిల్. కంపెనీ పేరు చెబుతానని ఎదురుచూస్తున్నాడు. నేను "గ్రీన్ కార్డు వచ్చిందా?" అని అడిగాను.

రాలేదు. ఇంకా హెచ్1బీయే.

అయితే రైఫిల్ సంగతి తర్వాత. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, విజిటర్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. కొనడం ఒక్కటే కాదు, చేతిలో పట్టుకున్నా "దగ్గర ఉన్నట్టే" లెక్క. స్నేహితుడితో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి నాలుగు రౌండ్లు కాల్చి, ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఒక మినహాయింపు ఉంది: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ దాని గడువు తీరిన మర్నాడు బీరువాలో ఉన్న అదే రైఫిల్ నేరమవుతుంది. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనే వెనక్కి పంపేయొచ్చు, ఇక వీసా మీద ఉన్నవాళ్ల సంగతి చెప్పాలా? ఈ మినహాయింపు మీద నడవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, నా మాట మీద నడవకండి. "నువ్వు కొనివ్వు అన్నా, డబ్బులిస్తా" అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు నేనేనని సంతకం పెట్టాలి. అక్కడ అబద్ధం ఆడితే ఇద్దరూ మునుగుతారు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు షాపులో కొనడం పెద్ద కష్టం కాదు. కార్డు, డ్రైవింగ్ లైసెన్సు తీసుకెళ్లాలి. మనవాళ్లు ఆగిపోయేది అడ్రస్ దగ్గర. అపార్ట్‌మెంట్ మారి ఏడాదైనా లైసెన్సులో పాత అడ్రసే ఉంటుంది. ముందు అది మార్పించుకోండి.

స్థలం సంగతి కూడా చూసుకోవాలి. టెక్సాస్‌లో ఊరి హద్దులకు బయటే అయినా, సబ్‌డివిజన్‌లో (ప్లాట్లుగా విడగొట్టిన లేఅవుట్‌లో) పదెకరాలు, అంతకన్నా చిన్న ప్లాట్లలో కాల్పుల్ని కౌంటీ (మన జిల్లా లాంటిది) నిషేధించొచ్చు. ఐదెకరాల వాళ్లు ముందు కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేయాలి. వేటలో పక్కవాడి అనుమతి లేకుండా మీ తూటా కంచె దాటితే అదీ నేరమే. కొయోటీకి ఇక్కడ సీజన్ లేదు. మీ కోళ్ల మీద, పశువుల మీద పడుతుంటే దాన్ని చంపడానికి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. అడవిపందులకైతే 2019 నుంచి, స్థలం యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో లైసెన్సు అవసరం లేదు.

ఇవన్నీ దాటొచ్చిన వాళ్లకే ఇక రైఫిల్ మాట.

నేను మొదట్లో తప్పు కొన్నాను. షాపువాడు చూపిస్తే, లావు బారెల్ (గొట్టం) ఉన్న .22-250 క్యాలిబర్ (తూటా సైజు) రైఫిల్ తీసుకున్నాను. గురి అద్భుతం. కానీ దాన్ని భుజాన వేసుకుని చెరువు గట్టు దాకా నడిచేసరికి బియ్యం బస్తా మోసినట్టుండేది. లావు బారెల్ ఒకచోట కూర్చుని ప్రెయిరీ డాగ్స్ (బొరియల్లో ఉండే ఉడుతలాంటి జంతువులు) మీద వరసగా కాల్చేవాళ్లకు. మనం కంచె వెంట నడిచి, రోజుకు ఒకటో రెండో కాల్చేవాళ్లం. సన్న బారెల్ నాలుగైదు రౌండ్లకే వేడెక్కి గురి చెదురుతుందంటారు, నిజమే. కొయోటీ మీకు రెండో రౌండుకే టైమ్ ఇవ్వదు, ఇక ఐదోదాని గొడవెందుకు?

క్యాలిబర్ విషయంలో నా మాట .223 రెమింగ్టన్. 22 ఎల్‌ఆర్ ఉడతలకు, ఎలుకలకు సరే. కొయోటీ మీద వాడితే గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. 17 హెచ్‌ఎంఆర్ ముద్దుగా ఉంటుంది, కానీ దాని తూటా మామూలుగా 17-20 గ్రెయిన్లే (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. .223లో 50-55 గ్రెయిన్ల వార్మింట్ తూటాను (కొయోటీల్లాంటి చిన్న జంతువుల కోసం చేసింది) రెండొందల గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో సరిగ్గా గురికే తగిలేలా స్కోప్ సరిచేస్తే, మూడొందల దగ్గర సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది. అంతవరకూ చాలు. భుజానికి తన్నేది దాదాపు ఏమీ ఉండదు, తూటాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి. చవకని ఎఫ్ఎంజే (ఫుల్ మెటల్ జాకెట్, చుట్టూ లోహపు తొడుగున్నవి) తూటాలు మాత్రం వద్దు. అవి రాయికి తగిలి ఎటు ఎగురుతాయో తెలియదు.

టిక్కా టీ3ఎక్స్ లైట్ మూడు కిలోల లోపే ఉంటుంది. రూగర్ అమెరికన్ సుమారు అంతే, ధర తక్కువ, ప్లాస్టిక్ స్టాక్ కాస్త బోలుగా అనిపిస్తుంది. హోవా మినీ యాక్షన్ చిన్న తూటాల కోసమే పొట్టిగా చేసింది, చేతికి బాగా అమరుతుంది. కేటలాగులో రాసే బరువు ఉత్త రైఫిల్‌ది. స్కోప్, రింగులు, బెల్టు కలిస్తే ఇంకో అరకిలో పైనే. అందుకని 3-9 స్కోప్ (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపే గురి దుర్భిణి) చాలు, సొరకాయంత పెద్దది బిగించకండి. చెవులకు ప్లగ్గులు తప్పనిసరి.

బోల్ట్ యాక్షన్‌లో నాకు నచ్చే సుగుణం ఇంకోటుంది. బోల్ట్ ఊడదీసి వేరేచోట తాళం వేస్తే, మిగిలింది కర్రతో సమానం. ఇంట్లో పిల్లలుంటే అలాగే చేయండి, పైగా రైఫిల్‌ని తాళం వేసిన సేఫ్‌లో (ఇనప్పెట్టెలో) పెట్టండి. ఊరినుంచి వచ్చిన మామగారు "ఒక్క ఫొటో అల్లుడూ" అన్నా ఇవ్వకండి. ఆయన విజిటర్ వీసా మీద వచ్చారు. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు. అడుగున ఒక్క తూటా మిగిలిపోయినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసే.

ఇక తమ్ముడు. ఇండియా వాళ్ల ఈబీ2 (ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డు) క్యూ కదిలి అతని వంతు వచ్చేలోపు ఆ కోళ్లకు మనవలు, మునిమనవలు పుడతాయి. ఆదివారం ఇద్దరం వెళ్లి గూటికి అరంగుళం కళ్ల ఇనుప జాలీ కొట్టాం, అడుగున తవ్వి మట్టిలోకి కూడా దింపాం, తలుపుకు గడియతో పాటు కొక్కెం బిగించాం. వారమైంది. కొయోటీ వచ్చి చుట్టూ తిరిగిన అడుగులున్నాయట. కోళ్లన్నీ ఉన్నాయి.