93 పర్సంటైల్‌తో తాడేపల్లిగూడెం నిట్‌లో సీటు వస్తుందా?

మీరడిగింది ఇదీ: మీది పాలకొల్లు దగ్గర పల్లె, మీ అబ్బాయి భీమవరంలో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, జనవరిలో జేఈఈ మెయిన్‌లో (దేశమంతా రాసే ఇంజినీరింగ్ ఎంట్రన్స్) 93 పర్సంటైల్ వచ్చింది, మీరు బీసీ. తాడేపల్లిగూడెం నిట్ (కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీ) వస్తుందా, కనీసం కాకినాడ జేఎన్‌టీయూ అయినా వస్తుందా, లేకపోతే ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకి ఇప్పుడే అడ్వాన్సు కట్టేయాలా అని.

ఆఖరి దానికి ముందు జవాబు చెప్తాను. కట్టకండి. మార్చి వచ్చేసరికి కాలేజీల వాళ్ళు ఫోన్ చేసి "సీట్లు అయిపోతున్నాయండి, తర్వాత మీ ఇష్టం" అంటారు. సాయంత్రానికి వంద కౌంటు రేటు పడిపోతుందని చెరువు గట్టు మీద తొందరపెట్టే రొయ్యల దళారి గొంతు కూడా ఇలాగే ఉంటుంది. మాది రాజోలు వైపు. మా ఇంట్లో ఈ తంతు రెండుసార్లు నడిచింది, 2017లో నాకు, 2023లో మా చెల్లికి. రెండుసార్లూ తప్పులు చేశాం.

నిట్ సంగతికొస్తే, పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదండీ. 93 అంటే నూటికి ఏడుగురు మీవాడి ముందు ఉన్నారని. మెయిన్ రాసేవాళ్ళు రెండు సెషన్లూ కలిపి ఈమధ్య 14 లక్షల పైమాటే. అందులో నూటికి ఏడుగురంటే లక్ష మంది. 93 అనగానే ఇంట్లో పూతరేకులు పంచేస్తాం గానీ ర్యాంకు లక్ష దగ్గర ఉంటుంది. అదే 97 అయితే 43 వేల చుట్టుపక్కల. నాలుగు పర్సంటైల్ పెరిగితే అరవై వేల మంది దాకా వెనక్కి పోతారు. అందుకే ఈ 93 పట్టుకుని ఇప్పుడే తేల్చుకోకండి. ఇదే ఖాయమైతే మాత్రం ఓపెన్‌లో నిట్ కష్టమనే చెప్తాను. ఏప్రిల్ సెషన్ ఉంది, రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

జనవరి పరీక్ష మన గోదావరి పిల్లలకి ఒక శాపం. సంక్రాంతి వెళ్ళిన వారం పది రోజులకే పెడతారు. మా చెల్లి భోగి నాడు మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఇనార్గానిక్ చదువుకుంటుంటే, కింద వాకిట్లో మా పెద్దనాన్న కోడి గెలిచిందని ఊరంతా వినబడేలా కేకలు. ట్యాంకు పక్కనే ఆరబెట్టిన అరిసెల మీద కాకులు వాలకుండా చూడటం కూడా దాని పనే. జనవరిలో దానికి 91 వచ్చింది. ఏప్రిల్‌లో 96 దాటింది. కోడి లేదు, చుట్టాలు లేరు, అంతే తేడా.

ఏప్రిల్ ఫలితాలతో పాటు ర్యాంకులు ఇస్తారు. కార్డులో రెండు ర్యాంకులు చూడండి, ఒకటి దేశం మొత్తం మీద వచ్చింది, రెండోది ఓబీసీ ర్యాంకు, అంటే కేంద్రం లెక్కలో బీసీల్లో వచ్చింది. నిట్ సీట్లకి కౌన్సెలింగ్ జరిపేది జోసా. దాని వెబ్‌సైటులో పాత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల పట్టిక ఉంటుంది. అందులో ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీ లేయర్ కాని ఓబీసీలు) వరసలో కనబడే అంకెలు ఓబీసీ ర్యాంకులు. వాటి పక్కన దేశం మొత్తం ర్యాంకు పెట్టుకుని "అమ్మో, మనకి రాదు" అని కౌన్సెలింగ్‌కే వెళ్ళనివాళ్ళు మా చుట్టుపక్కలే ఇద్దరున్నారు. మీరు ఆఖరి రౌండు పట్టికే తీయండి. అందులో హోమ్ స్టేట్ అన్న వరస, ఓబీసీ, జెండర్ న్యూట్రల్ (అమ్మాయిలకి విడిగా పెట్టినవి కాకుండా అందరికీ ఉన్నవి). మీవాడికి పనికొచ్చేది అదొక్కటే. ఒక్క ఏడాది కాకుండా రెండు మూడేళ్ళవి చూడండి.

హోమ్ స్టేట్ అంటే సొంతూరు అనుకుంటారు అందరూ. కాదు. ఇంటర్ ఏ రాష్ట్రంలో చదివితే అదే హోమ్ స్టేట్. నిట్‌లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకి ఉంటాయి. మీవాడు భీమవరంలో చదివాడు కాబట్టి గొడవ లేదు. మా మేనమామ కొడుకుని మంచి కోచింగ్ అని హైదరాబాద్ హాస్టల్లో వేశారు. వాడికి హోమ్ స్టేట్ తెలంగాణ అయ్యింది, ఆ సగం సీట్ల లెక్క వరంగల్‌కి పోయింది. బస్సెక్కితే గంటన్నరలో వచ్చే తాడేపల్లిగూడెంలో వాడు పరాయి రాష్ట్రం వాడయ్యాడు.

ఇంకొకటి, ర్యాంకు ఎంత వచ్చినా ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. మీవాడికి అది ఉంటుందనే అనుకుంటున్నాను.

ఇక కాకినాడ. నన్నడిగితే మీ అసలు ఆశ అక్కడే పెట్టుకోండి. 1946లో విశాఖపట్నంలో మొదలుపెట్టి తర్వాత కాకినాడకి తెచ్చిన కాలేజీ అది, కంప్యూటర్స్‌కి పోటీ గట్టిగానే ఉంటుంది. కానీ అక్కడ సీటు జేఈఈతో కాదు, మన రాష్ట్రం ఎంట్రన్స్ ఈఏపీసెట్‌తో వస్తుంది, అందులో మెయిన్‌కి ఉన్నంత గండం లేదు. 160 ప్రశ్నలు, 160 మార్కులు, నెగెటివ్ లేదు, సగం లెక్కలే. ర్యాంకులో 25 శాతం ఇంటర్ గ్రూపు మార్కులది. కాబట్టి ఇంటర్ పబ్లిక్ పరీక్షల్ని "అవి ఎలాగూ పాసవుతాంలే" అని వదిలేయొద్దని బాబుకి చెప్పండి. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకే, మన గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందకి వస్తాయి. కాకినాడతో ఆపకుండా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, విజయనగరం, నరసరావుపేట, రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ కాలేజీలు కూడా ఆప్షన్లలో పెట్టండి.

ఆప్షన్లు అన్నాను కదా, నేను మునిగింది అక్కడే. 2017లో మా ఊరి నెట్ సెంటర్‌కి నాన్నా నేనూ వెళ్ళాం. అక్కడి కుర్రాడు నా ర్యాంకు చూసి, "మీకు కాకినాడలో సివిల్ గ్యారంటీ అండి, అది మొదట పెడదాం. పైవి పెడితే ఆప్షన్ వేస్టు" అన్నాడు. నాన్న "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు. నేనూ నోరెత్తలేదు. సివిల్ ఒకటో నంబరు, ఎలక్ట్రికల్ నాలుగో నంబరు. సివిల్ వచ్చింది. హాస్టల్లో చేరాక తెలిసింది, నా వెనక ర్యాంకువాడు, నా కేటగిరీయే, లోకలే, ఎలక్ట్రికల్‌లో కూర్చున్నాడు. వాడు ఇష్టమైనవి ఇష్టమైన వరసలో పెట్టుకున్నాడు, అంతకుమించి ఏ తెలివీ చూపించలేదు. కంప్యూటర్ మన ర్యాంకు వంతు రాగానే మన లిస్టు పైనుంచి చూస్తూ వస్తుంది, ఖాళీ ఉన్న మొదటిది ఇచ్చేస్తుంది. పైన పది రానివి పెట్టినా పదకొండోదానికి నష్టమేమీ ఉండదు. వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం దాని కిందవి ఇక చూడదు. నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఆయన దృష్టిలో ఆ నెట్ సెంటర్ కుర్రాడే నాకు సీటు ఇప్పించాడు.

చెల్లి టైముకి ఆప్షన్లు నేనే దగ్గరుండి పెట్టించాను. అప్పుడు దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. జోసా మొదటి రౌండులోనే దానికి తాడేపల్లిగూడెం నిట్‌లో మెటలర్జీ వచ్చింది. ఫ్లోట్ పెట్టి (ఈ సీటు ఉంచుకుని, తర్వాతి రౌండ్లలో పైది వస్తే తీసుకుంటామని), ఫీజు కట్టి, కాగితాలు అప్‌లోడ్ చేశాం. మర్నాడు క్వెరీ వచ్చింది: ఓబీసీ సర్టిఫికెట్ చెల్లదు. మేం ఫిబ్రవరిలో తీయించి బీరువాలో జాగ్రత్తగా దాచిన కాగితం అది. కావలసింది ఆ సంవత్సరం ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది, అదీ సెంట్రల్ నమూనాలో. స్కూళ్ళకి మనం ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం దానికి పనికిరాదు. నాన్న అప్పుడు నారుమడిలో ఉన్నారు. కాలువకి నీళ్ళొదిలిన రోజులు. మోకాలి దాకా బురద, అలాగే బండెక్కి సచివాలయానికి, అక్కణ్ణుంచి ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళారు. సారు మీటింగులో ఉన్నారన్నారు. కొత్త కాగితం మూడో రోజు సాయంత్రం చేతికొచ్చింది, గడువు అదే రోజు. స్కాన్ చేయడానికి కరెంటు లేదు. ఫోన్‌తో ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి, కొబ్బరి చెట్ల కింద సిగ్నల్ వెతుక్కుంటూ తిరిగి పంపించాను. ఆ గంట టెన్షన్ నాకు పరీక్ష హాల్లో కూడా లేదు.

కాబట్టి మీరు ఏప్రిల్ మొదటి వారంలోనే అప్లికేషన్ పెట్టించండి, దాళ్వా వరి కోతలు మొదలైతే మీకూ తీరదు, ఆఫీసుల్లోనూ రద్దీ పెరుగుతుంది. సర్టిఫికెట్ మీద బాబు పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఏప్రిల్ ర్యాంకు కార్డు వచ్చాక రెండు ర్యాంకులూ ఇక్కడే రాయండి, పట్టిక ముందు పెట్టుకుని వరస చూద్దాం.