ఇంకా రెండే ముక్కలు... ఆపమంటారా?

ప్రశ్న: నా వయసు 31. పెళ్లయి ఏడేళ్లయింది, ఒక పాప. పాప పడుకున్నాక ఓ ముప్పావుగంట ఫోన్లో బొమ్మకు బట్టలు వేసి అలంకరించే ఆట ఆడతాను. రోజు మొత్తంలో నాకోసం నేను చేసుకునేది అదొక్కటే. మొదట్లో డబ్బు పెట్టలేదు, ఏడాదిగా పెడుతున్నాను. పోయిన నెల జీతంలో మూడో వంతు దానికే పోయింది. క్రెడిట్ కార్డు బిల్లు మావారి కంటపడింది. "బొమ్మ బట్టలకా ఇంత?" అని నవ్వి, ఆ తర్వాత మాట్లాడటం తగ్గించేశారు. ఆయనకు తెలిసింది ఆ ఒక్క నెల లెక్కే. ఆట తీసేద్దామని రెండుసార్లు అనుకున్నాను, చేతులు రాలేదు. ఇప్పుడొక గౌను సెట్టులో 10 ముక్కలకు 8 వచ్చాయి. నాలుగు రోజుల్లో ఈవెంట్ అయిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ముప్పావుగంట మీది. ఏ రంగుకు ఏ రంగు నప్పుతుందో చూసుకుంటూ కాసేపు గడపడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ ఉత్తరంలో బరువంతా "ఆయనకు తెలిసింది ఆ ఒక్క నెల లెక్కే" అన్న మాట దగ్గరే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు డబ్బు ఎలా జారిపోతోందో చూద్దాం, ఎందుకంటే అది మీ బలహీనత వల్ల మాత్రమే జరగడం లేదు.

మీ ఆట ఏదో రాయలేదు కాబట్టి 2024 డిసెంబరులో వచ్చిన ఇన్ఫినిటీ నిక్కీ అనే ఇలాంటి ఆట లెక్క చూడండి. అందులో బట్టలు లాటరీలా వస్తాయి, చీటీ తీసినట్టు ఒక్కసారి లాగడానికి 120 వజ్రాలు, అంటే ఆటలో చెల్లే నాణేలు. 20సార్లు లాగేలోపు అయిదు నక్షత్రాల ముక్క, అంటే మేలురకంది, ఒకటి ఖాయంగా వస్తుంది. సెట్టులో 10 ముక్కలుంటే, అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 200సార్లు, అంటే 24,000 వజ్రాలు. ఎనిమిది వచ్చేశాయంటే దాదాపు చేతికొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ మిగిలిన రెండూ మొదటి రెండింటికన్నా చవగ్గా రావు. ఒక్కోదానికీ మళ్లీ 20సార్ల దాకా పట్టవచ్చు, రెండింటికీ కలిపి 40, అంటే 4,800 వజ్రాలు. "ఇంకా రెండే" అని మనసు అంటుంది, లెక్క మాత్రం అయిదో వంతు ఖర్చు ఇంకా మిగిలే ఉందంటుంది. పైగా డబ్బు వజ్రాలుగా మారిపోయాక అది డబ్బన్న స్పృహ పోతుంది. ప్యాకులు కూడా కావలసినన్ని వజ్రాలకు సరిగ్గా సరిపోవు. కొన్ని మిగులుతాయి, ఆ మిగిలినవే ఇంకో ప్యాకు కొనిపిస్తాయి.

మీ ఆటలో అంకెలు వేరుగా ఉండొచ్చు. ఎన్నిసార్లకు ఖాయంగా వస్తుందో లాగే తెర మీదే వివరాలు అన్నచోట ఉంటుంది. ఏది వచ్చే అవకాశం ఎంతో కొనేముందే చూపాలని ఆపిల్ 2017 నుంచి, గూగుల్ ప్లే 2019 నుంచి నిబంధన పెట్టాయి.

ఇక ఫోను పని. ఆట తీసేయడంతో మొదలుపెట్టకండి. ఆటలో అమ్మే నెలవారీ కార్డును చందాగా తీసుకుని ఉంటే, ఆట తీసేసినా చందా ఆగదు, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఖాతా లేకుండా గెస్టుగా ఆడుతుంటే ఆటలో ఏడాదిగా కూడబెట్టిన అల్మారా మొత్తం పోయి, ఆ దుఃఖంలో మళ్లీ మొదటినుంచి కొనే ప్రమాదం ఉంది. అందుకని ముందు ఆట ఖాతాను ఈమెయిల్‌కు కలపండి. తర్వాత ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి చందా రద్దు చేయండి. అక్కడే బడ్జెట్ అండ్ హిస్టరీలో ఏడాది కొనుగోళ్లన్నీ తేదీలతో ఉంటాయి. కాగితం మీద నెలలవారీగా రాసి కూడండి. అక్కడ బడ్జెట్ పెట్టుకోవచ్చు కానీ దానిమీద ఆధారపడొద్దు, అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. నిజంగా ఆపేది సేవ్ చేసిన కార్డును తీసేయడం. రాత్రి పదకొండున్నరకు లేచి పర్సు వెతికి 16 అంకెలు కొట్టాలంటే చాలాసార్లు ఆ ఊపు అక్కడికే చల్లారుతుంది. ఐఫోనైతే స్క్రీన్ టైమ్‌లో ఇన్-యాప్ పర్చేజెస్‌ను ఆపేసే వీలుంది. దాని పాస్‌కోడ్ మీవారి చేతికి ఇమ్మని కొందరు సలహా ఇస్తారు. నేనైతే ఒప్పుకోను, ఆయన మీకు కాపలాదారు అయిపోతారు.

రీఫండ్ మీద ఆశ పెట్టుకోకండి. ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల్లోపు అడిగితే కొన్నిసార్లు ఇస్తారు, ఆ తర్వాత ఆట తయారుచేసినవాళ్లనే అడగాలి. "పాప నొక్కేసింది" అని మాత్రం రాయకండి. ఇప్పటికే దాచినవి చాలు.

ఏడాది లెక్క రాసిన ఆ కాగితం పట్టుకునే మీవారి దగ్గరికి వెళ్లండి. పాప పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి. "ఏవండీ, మీరు చూసింది ఒక నెలదే. ఏడాదిది మొత్తం ఇంత. మీకు చెప్పకుండా చేశాను, అది నా తప్పు. కార్డు ఫోన్లోంచి తీసేశాను. బాకీ ఇన్ని నెలల్లో తీర్చాలనుకుంటున్నా." ఇంతవరకే. మొత్తం ఒకేసారి చెప్పండి. విడతలవారీగా బయటపడితే ప్రతి విడతా కొత్త మోసంలా తోస్తుంది. "మీరు మాత్రం ఖర్చు పెట్టరా" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి. ఆయన నవ్వినందుకు మీకు కలిగిన బాధ నిజమే, దానికి ఇంకో రోజు ఉంది. కార్డు బాకీలో మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ వెళ్లొద్దు, మిగతాదానికి వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఇది జబ్బేమోనన్న భయం ఉంటే: ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 2022 నుంచి గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆగకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు. మీది ముప్పావుగంట, ఇల్లూ ఉద్యోగమూ నడుస్తున్నాయి. చిక్కు సమయంలో కన్నా ఖర్చులో ఉంది. కార్డు తీసేశాక కూడా అప్పు చేసి కొంటే మాత్రం మానసిక నిపుణులను కలవండి.

డబ్బు పెట్టకుండా ఆట రుచిస్తుందా అంటే, కొన్నింటిలో బాగానే. లవ్ నిక్కీ అనే ఆటలో ప్రతి దుస్తుకూ ఆడంబరం-సాదాతనం, చలువ-వెచ్చదనం లాంటి అయిదు జతల గుణాలుంటాయి. ఆటలో ఆ దశ అడిగిన గుణానికి సరిపోతే మామూలు లంగా కూడా ఖరీదైన గౌనును ఓడిస్తుంది. నిజమైన నేర్పు అక్కడే కనబడుతుంది. ఇకమీదట కొత్త సెట్టు చూడగానే, ఉచితంగా కూడబెట్టినవి చివరి ముక్కదాకా సరిపోతాయా అని లెక్కేయండి. చాలకపోతే మొదటిసారి కూడా లాగొద్దు.

ఇప్పుడున్న గౌను సంగతి. ఆ రెండు ముక్కలు వదిలేయండి. ఈ నాలుగు రోజులూ నోటిఫికేషన్లు ఆపి ఆట తెరవకండి, మీవారితో ఆ మాటలు ఈ రోజుల్లోనే జరగనివ్వండి. అయిదో రోజున తెరవండి. వచ్చిన ఎనిమిదీ అల్మారాలోనే ఉంటాయి. పాత చెప్పులు, పాత జడ ఏవైనా వేసి చూడండి, ఆ గౌనుకు ఏవి నప్పుతాయో.