మబ్బు రోజున గ్లైడర్ ఎందుకంత త్వరగా దిగింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి అక్కడ గ్లైడర్ అనే ఇంజన్ లేని విమానం నడపడం నేర్పే గ్లైడింగ్ క్లబ్బులో చేరాడు. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దస్తమానం చలిలో నిలబడితే, ఆరేసి నిమిషాల చొప్పున రెండుసార్లే ఎగరగలిగాడట. ఆకాశమంతా మబ్బు పట్టడమే కారణమంటాడు. మరి మన కైలాసగిరి మీద మబ్బు రోజుల్లో కూడా గద్దలు రెక్క ఆడించకుండా తేలుతుంటాయి కదా? అతని రోజు వృథా అయినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: కైలాసగిరి గద్దను మోసేది సముద్రపు గాలి. అది కొండవాలుకు తగిలి పైకి మళ్లుతుంది కనుక, దానికి ఎండతో పని లేదు. చదునైన నేల మీది క్లబ్బుకు ఆ వసతి ఉండదు. అక్కడ ఎండకు కాగిన నేల మీద గాలి వేడెక్కి, తేలికై పైకి లేవాలి. దీనినే థర్మల్ అంటారు. డిసెంబరు చివరలో లండన్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే రోజున విశాఖలో దాదాపు 49 డిగ్రీలు. ఆ కాస్త ఎండకూ మబ్బు దుప్పటిలా అడ్డుపడితే థర్మల్ పుట్టదు. అలాగని మబ్బులన్నింటినీ నిందించలేము. దూదికుప్పల్లా విడివిడిగా కనిపించే మబ్బులు థర్మల్ కొసన ఏర్పడతాయి కాబట్టి, గ్లైడర్ నడిపేవారు వాటిని వెతుక్కుంటూ వెళతారు.

నేల మీద తాడు చుట్టే యంత్రం (వించ్) తాడుతో లాగి గ్లైడర్‌ను 400 మీటర్ల ఎత్తున వదిలిందనుకుందాం. నిశ్చలమైన గాలిలో శిక్షణ గ్లైడర్ సెకనుకు ఇంచుమించు ఒక మీటరు చొప్పున దిగుతుంది. అంటే ఆరున్నర నిమిషాలకు కాస్త పైన. మీ అబ్బాయి లోపమేమీ లేదు.

ఇక వృథా అన్న మాట నేను ఒప్పుకోను. పైలట్ ఎదుట ఉండే పారదర్శకమైన కప్పు మీద, బయటివైపు, చిన్న ఊలు దారం అంటించి ఉంటుంది. గ్లైడర్ సవ్యంగా సాగుతున్నంతసేపు అది తిన్నగా వెనక్కి వాలి ఉంటుంది. మలుపులో కాలితో తొక్కే పెడల్ ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా పక్కకు జరుగుతుంది. ఎండకాలపు కుదుపుల్లో ఆ దారం జరిగితే తప్పు గాలిదో తనదో నేర్చుకునేవారికి తేలదు. కదలని గాలిలో మాత్రం ఆ తప్పు ఖచ్చితంగా నడిపేవారిదే. పైగా ఇంజన్ లేని విమానంలో దిగడం కుదరకపోతే మళ్లీ పైకి లేచి ప్రయత్నించే వీలుండదు కనుక, దిగడమే అన్నింటికన్నా శ్రద్ధగా నేర్వవలసిన పాఠం. గంటసేపు ఎగిరినా దొరికేది ఒక్క అవకాశమే. ఆ ఆదివారం మీ అబ్బాయికి రెండు దొరికాయి. ఈసారి ఫోన్ చేసినప్పుడు, మలుపులో దారం ఎటు జరిగిందో అడగండి.